గై ఎవరు, గైస్ ఎవరెవరు?

ఇంగ్లీషు వాడుకమాట 'గై', దాని బహువచనమైన 'గైస్' గురించి ఈ నెల వచ్చిన ఉత్తరాలు ఎక్కువగా ఉన్నందువల్ల, మిగిలిన మాటలను వచ్చే సంచికకు వాయిదా వేసి, శీర్షిక మొత్తాన్నీ వాటికే కేటాయించాము. నిడివి దృష్ట్యా ఉత్తరాలను కుదించి, రాసినవారి పేర్లు లేకుండా ఊర్లు మాత్రమే ఇస్తున్నాము.

ప్రశ్న: నేను ఉన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయినిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. ఇంజనీరింగు చదువుతున్న మా మనవరాలు తన స్నేహితురాళ్ళతో వీడియో కాల్ మొదలుపెట్టగానే 'హాయ్ గైస్' అంటుంది. అవతల ఉన్నవాళ్ళందరూ ఆడపిల్లలే. యూట్యూబులో వంటలు చూపించే ఇల్లాళ్ళు కూడా చూసేవారిని అలాగే పలకరిస్తున్నారు. నా దగ్గరున్న నిఘంటువులో 'గై' అంటే మగవాడు అని ఉన్నది. తప్పు మా మనవరాలిదా, నిఘంటువుదా?
— పాఠకురాలు, తెనాలి

జవాబు: ఇద్దరిదీ ఒప్పేనమ్మా. 'గై' అనే ఏకవచనానికి మగవాడు అనే అర్థం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. 'ఒక గై వచ్చి మీ కోసం అడిగాడు' అని ఎవరైనా చెబితే, వచ్చినది పురుషుడేనని వినేవారు గ్రహిస్తారు. వచ్చినది స్త్రీ అయితే ఇంగ్లీషు బాగా తెలిసినవారెవరూ ఆ మాట వాడరు. లింగభేదం జారిపోయేది బహువచనంలో, అందులోనూ ఎదుటివారిని పిలిచే సందర్భంలో మాత్రమే. 'గైస్, భోజనానికి రండి' అంటే ఆడవారూ మగవారూ అందరూ లేస్తారు. ఆ గుంపులో ఒక్క మగవాడు లేకపోయినా ఎవరూ ఆశ్చర్యపోరు. అదే మాటను పిలుపుగా కాక ప్రస్తావనగా వాడి 'ఇద్దరు గైస్ వచ్చారు' అంటే మళ్ళీ ఇద్దరు మగవాళ్ళే కళ్ళముందు కనబడతారు. 'గైస్ రూమ్' అంటే మగవాళ్ళ గదే. 'మా ఆఫీసు గైస్' అన్నప్పుడు మాత్రం చెప్పేవారి ఉద్దేశం ఏమిటో పక్క వాక్యాన్ని బట్టి తెలుసుకోవలసిందే. అంటే అర్థం మాటలో ఎంత ఉన్నదో, ఆ మాట నిలబడిన చోటులో కూడా అంతే ఉన్నది.

తెలుగు బోధించిన మీకు ఇందులో వింతేమీ తోచకూడదు, ఎందుకంటే మన క్రియాపదం ఎప్పటినుంచో ఇదే పని చేస్తున్నది. ఏకవచనంలో 'వాడు వచ్చాడు', 'ఆమె వచ్చింది' అని వేరుచేసి చెబుతాము. బహువచనంలోకి రాగానే 'వాళ్ళు వచ్చారు' అన్న ఒక్క రూపమే స్త్రీలకూ పురుషులకూ సరిపోతుంది. 'ఇద్దరు', 'ముగ్గురు' అనే లెక్కలు కూడా మనుషులందరికీ ఉమ్మడివే. ఏకవచనంలో స్త్రీని 'అది వచ్చింది' అన్న అచేతన వస్తువుతో ఒకే పంక్తిలో కూర్చోబెట్టి, బహువచనంలోకి రాగానే పురుషులతో కలిపే మన వ్యాకరణం మీద పెట్టవలసిన ఫిర్యాదులు వేరే ఉన్నాయి గాని, ఒక్కరిగా ఉన్నప్పుడు కనిపించే లింగం పదిమందిలో కలవగానే మాయం కావడం మనకు కొత్త కాదు.

అయితే ఇంగ్లీషుకు ఈ 'గైస్' అవసరం ఎందుకు వచ్చిందన్నది వేరే కథ, అది మన 'మీరు' కథకు దగ్గరగా నడిచినది. పూర్వం ఇంగ్లీషులో ఒక్కరిని 'దౌ' అనీ, పదిమందిని 'యీ' లేదా 'యూ' అనీ పిలిచేవారు. 1611లో వెలువడిన కింగ్ జేమ్స్ బైబిలు అనువాదంలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. మధ్యయుగాలలో ఫ్రెంచి మర్యాదల ప్రభావంతో, గౌరవించవలసిన ఒక్క మనిషిని కూడా బహువచనంలో పిలిచే అలవాటు వచ్చింది, సరిగ్గా మనం పెద్దవారిని 'మీరు' అన్నట్లే. మనం అక్కడ ఆగి 'నువ్వు'ను కూడా దాచుకున్నాము. ఇంగ్లీషువారు ఆగలేదు, ఎవరిని తక్కువ చేసినట్లవుతుందోనన్న జంకుతో అందరినీ 'యూ' అనడం మొదలుపెట్టి, 18వ శతాబ్ది నాటికి సాధారణ సంభాషణ నుండి 'దౌ'ను దాదాపు సాగనంపారు. ప్రార్థనలలోనూ, కవిత్వంలోనూ, కొన్ని మాండలికాలలోనూ, మనుషులందరూ సమానులే అన్న నమ్మకంతో ఎవరినీ బహువచనంలో పిలవని క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారి ఇళ్ళలోనూ అది మిగిలింది.

దానివల్ల వచ్చిన చిక్కు ఏమిటంటే, 'యూ' అన్నప్పుడు పిలుపు ఒక్కరికా, అందరికా అన్నది తెలియకుండా పోయింది. ఆ లోటును ప్రతి ప్రాంతమూ తనకు తోచిన రీతిలో పూడ్చుకున్నది. అమెరికా దక్షిణ రాష్ట్రాలవారు 'యాల్' అన్నారు, ఐరిష్ వారు 'యూజ్' అన్నారు, పిట్స్‌బర్గ్ నగరంవారు 'యింజ్' అన్నారు, బ్రిటన్‌లో 'యూ లాట్' అన్నారు. అమెరికాలో ఉత్తరాన, పశ్చిమాన 20వ శతాబ్దిలో స్థిరపడిన రూపం 'యూ గైస్'. మనం కూడా 'మీరు' ఒక్కరికే కాదు అందరికీ అని తెలియజేయడానికి 'మీరంతా', 'మీరందరూ' అంటాము కదా. ఆ 'అంతా' చేసే పనినే అక్కడ 'గైస్' చేస్తున్నది. కనుక ఆ స్థానంలో అది నామవాచకంగా కంటే సర్వనామానికి తోకగా పనిచేస్తున్నదనుకుంటే మీ మనవరాలి వాడుక సులభంగా అర్థమవుతుంది. ఇక ఉచ్చారణ విషయం: చివరి అక్షరం 'స్' కాదు, 'జ్'కు దగ్గరైన ధ్వని, తెలుగులో మాత్రం 'గైస్' అన్న రాతే నిలిచిపోయింది.

ప్రశ్న: ఈ మాట ఒక నేరస్థుడి పేరు నుండి పుట్టిందని మా అబ్బాయి చెబుతున్నాడు. నమ్మవచ్చునా? నమ్మవలసి వస్తే, నేరస్థుడి పేరు పెట్టి స్నేహితులను ఎలా పిలుస్తున్నారు?
— పాఠకుడు, వరంగల్

జవాబు: మీ అబ్బాయి చెప్పినది నిజమే. వాడుకమాటల పుట్టుక గురించి ప్రచారంలో ఉన్న కథలలో చాలా వరకు కట్టుకథలే గాని, ఈ ఒక్కదానికి మాత్రం ఊరు, పేరు, తేదీ అన్నీ ఉన్నాయి. గై ఫాక్స్ అనే వ్యక్తి 1570లో ఇంగ్లండులోని యార్క్ నగరంలో పుట్టాడు. కాథలిక్కు మతం స్వీకరించి, నెదర్లాండ్స్ ప్రాంతపు యుద్ధాలలో స్పెయిన్ పక్షాన పోరాడి, తుపాకిమందును వాడడంలో అనుభవం సంపాదించాడు. అప్పటి ఇంగ్లండులో కాథలిక్కుల ఆరాధనపై కఠినమైన నిషేధాలు ఉండేవి. వాటితో విసిగిన కొందరు, రాబర్ట్ కేట్స్‌బీ నాయకత్వంలో, పార్లమెంటు ప్రారంభోత్సవం నాడు మొదటి జేమ్స్ రాజును, ప్రభువులతో సహా, సభాభవనంతో పాటు పేల్చివేయాలని పన్నాగం పన్నారు. ప్రభువుల సభ కింది నేలమాళిగలో 36 పీపాల తుపాకిమందు చేర్చి, దానికి కాపలాగా ఫాక్స్‌ను నిలబెట్టారు. సభకు వెళ్ళవద్దని ఒక ప్రభువును హెచ్చరిస్తూ వచ్చిన ఆకాశరామన్న ఉత్తరం వల్ల గుట్టు బయటపడి, 1605 నవంబరు 4వ తేదీ అర్ధరాత్రి ప్రాంతంలో భటులు అతనిని పట్టుకున్నారు. పేరు అడిగితే జాన్ జాన్సన్ అని చెప్పాడట. చిత్రహింసల తరువాత అసలు పేరు బయటికి వచ్చింది. 1606 జనవరి 31న వెస్ట్‌మినిస్టర్‌లో మరణశిక్ష అమలు జరిగింది.

పన్నాగానికి నాయకుడు కేట్స్‌బీ అయినా, పీపాల పక్కన పట్టుబడినవాడు ఫాక్స్ కనుక, జనం నోట నిలిచినది అతని పేరే. రాజు బతికి బయటపడ్డందుకు ఏటా నవంబరు 5న చర్చిలో కృతజ్ఞతా ప్రార్థనలు జరపాలని పార్లమెంటు 1606లో చట్టం చేసింది. అది 1859 వరకు అమలులో ఉన్నది. ప్రార్థనలతో పాటు వీధులలో మంటలు వేయడం, బాణసంచా కాల్చడం, గడ్డి, చింకి బట్టలతో బొమ్మ కట్టి మంటలో వేయడం వాడుక అయింది. మొదట్లో ఆ బొమ్మ చాలాచోట్ల కాథలిక్కు మతాధిపతి అయిన పోపుది. క్రమంగా ఫాక్స్ బొమ్మే ప్రధానమై, 19వ శతాబ్ది ఆరంభానికి 'గై' అంటే ఆ దిష్టిబొమ్మ అనే సామాన్యార్థం ఏర్పడింది. పిల్లలు ఆ బొమ్మను బండిలో పెట్టుకొని వీధివీధి తిరుగుతూ 'గైకి ఒక పెన్నీ' అని చిల్లర అడిగేవారు. చిత్రమేమిటంటే అసలు ఫాక్స్‌ను ఎవరూ కాల్చలేదు. అతనికి వేసినది ఉరిశిక్ష. అతను చదివిన యార్క్ నగరపు సెయింట్ పీటర్స్ పాఠశాలలో మాత్రం, పూర్వ విద్యార్థిని కాల్చడం మర్యాద కాదన్న భావంతో, ఈనాటికీ ఆ బొమ్మను దహనం చేయరు.

తరువాతి మెట్టు తెలుగువారికి విప్పి చెప్పనక్కరలేదు. మనం కూడా వికారంగా అలంకరించుకున్నవాణ్ణి 'దిష్టిబొమ్మలా ఉన్నాడు' అంటాము. 1830ల నాటి ఇంగ్లీషులో 'గై' అంటే సరిగ్గా అదే, చింకిపాతలతోనో విపరీత వేషంతోనో నవ్వు పుట్టించే మనిషి. దాని నుండి 'గై చేయడం' అంటే ఎగతాళి చేయడం అనే క్రియ పుట్టింది. నాటకశాలల యాసలో అది బాగా వినబడేది. లండన్ వీధి యాసలో 'డూ ఎ గై' అంటే ఉడాయించడం అనే అర్థం కూడా కొంతకాలం నడిచింది.

ఆ తిట్టు అమెరికా చేరి మెత్తబడింది. అక్కడ 19వ శతాబ్ది నడిమి నుండి 'గై' అంటే ఎవరో ఒక మనిషి, ఒక కుర్రవాడు అన్నంత తేలిక అర్థమే కనిపిస్తుంది. దీనికి ఒక కారణం ఊహించవచ్చు. స్వాతంత్ర్య యుద్ధానికి ముందు బోస్టన్ వంటి ఊళ్ళలో నవంబరు 5న పోపు బొమ్మను ఊరేగించి తగలబెట్టేవారు; 1775లో సేనాని జార్జి వాషింగ్టన్, కెనడాలోని కాథలిక్కుల స్నేహం కావలసిన సమయంలో ఈ పిల్లచేష్ట ఏమిటని గద్దించి, తన సైన్యంలో దానిని నిషేధించాడు. ఇంగ్లండు రాజు బతికి బయటపడిన రోజును పండుగ చేసుకోవలసిన అవసరం కొత్త దేశానికి ఎలాగూ లేదు. మంట ఆరిపోయిన చోట బొమ్మ జ్ఞాపకమూ పలచబడింది. మాటలోని వెక్కిరింపు పోయి మనిషి మిగిలాడు. 20వ శతాబ్దిలో అమెరికా సినిమాల ద్వారా, సైనికుల ద్వారా ఆ కొత్త అర్థమే బ్రిటన్‌కు తిరిగి వచ్చి, అక్కడి సొంత మాటలైన 'చాప్', 'బ్లోక్'ల పక్కన కూర్చున్నది.

వ్యక్తి పేరు సామాన్య నామమవడం మనకూ ఉన్నది. శకుని, నారదుడు, కుంభకర్ణుడు అన్నవి తెలుగిళ్ళలో రోజూ వినబడే మాటలే. తేడా ఏమిటంటే ఆ పేర్ల వెనుక కథను మనం మరచిపోలేదు. శకుని అనిపించుకున్నవాడికి కోపం వస్తుంది. 'గై' అనేవారికి, అనిపించుకొనేవారికి ఫాక్స్ గుర్తుకు రాడు, అందుకే కోపమూ రాదు. ఐర్లండులో 1880లో రైతులు వెలివేసిన భూస్వామి ప్రతినిధి కెప్టెన్ బాయ్‌కాట్ సంగతీ అంతే. మన పత్రికలలో 'బహిష్కరణ'తో సమానంగా 'బాయ్‌కాట్' అచ్చవుతున్నది గాని, అది ఒక మనిషి ఇంటిపేరని తలచేవారు తక్కువ.

ఒక అనుబంధ విషయం చెప్పి ఈ జవాబు ముగిస్తాను. ఆశ్వయుజ బహుళ చతుర్దశి నాడు మనం నరకాసురుడి బొమ్మను కాల్చే రోజులూ, ఇంగ్లండులో గైని కాల్చే రోజూ కొన్ని సంవత్సరాలలో దగ్గర దగ్గరగా వస్తాయి. బ్రిటన్‌లో ప్రత్యేక అనుమతి లేని దుకాణాలు బాణసంచాను ఏడాది పొడుగునా అమ్మకూడదు. అమ్మదగిన రోజులలో అక్టోబరు 15 నుండి నవంబరు 10 వరకు ఉన్న గడువు గై కోసం, దీపావళికి ముందు మూడు రోజులు మనవారి కోసం. అక్కడి తెలుగు కుటుంబాలు చాలా ఏళ్ళలో గై కోసం తెరచిన అంగట్లోనే నరకుడి టపాకాయలు కొనుక్కుంటాయి.

ప్రశ్న: నేను ఇంగ్లీషు ధారావాహికలకు తెలుగు ఉపశీర్షికలు రాసే పని చేస్తున్నాను. ప్రతి రెండో మాటకు 'గై' వస్తుంది. 'వ్యక్తి' అని రాస్తే పోలీసు నివేదికలా ఉంటున్నది. 'వాడు' అని రాస్తే ప్రతి పాత్రా తిట్టినట్లు ఉంటున్నది. ఒక్క సమానార్థకం చెప్పగలరా?
— పాఠకుడు, చెన్నై

జవాబు: ఒక్కటి చెప్పలేను, చెప్పినా మీరు వాడకూడదు. తెలుగులో మూడో మనిషిని ప్రస్తావించాలంటే ముందు అతనికి మనం ఇచ్చే స్థానం తేల్చుకోవాలి: వాడు, అతను, ఆయన. ఇంగ్లీషు 'గై'కి ఆ మెట్లు లేవు. వయసు, హోదా, ఆస్తి, ఏదీ చెప్పకుండానే అది మనిషిని చూపించగలదు. ముసలి గై, కోటీశ్వరుడైన గై, చిల్లిగవ్వ లేని గై అందరూ చెల్లుతారు. కనుక ప్రతిచోటా మాట్లాడే పాత్ర ఎవరు, ఎవరి గురించి, ఏ మనఃస్థితిలో మాట్లాడుతున్నదన్నది చూసి, మెట్టు మీరే ఎంచుకోవాలి. 'సమ్ గై' అంటే చాలావరకు 'ఎవడో' లేదా 'ఎవరో ఒకతను'. అపరిచితుడిని చూపించి 'హూ ఈజ్ దిస్ గై' అంటే గొంతును బట్టి 'ఎవరితను' నుండి 'ఎవడు వీడు' వరకు ఏదైనా కావచ్చు. కొంచెం హాస్యం ధ్వనించే చోట 'ఆసామీ', 'శాల్తీ' అనే మాటలు మీ చేతిలో ఉన్నాయి, వాటిని మరచిపోకండి. ఆసామీ మాట అరబ్బీలో 'పేర్లు' అనే అర్థమున్న పదం నుండి హిందుస్తానీ మీదుగా, రెవిన్యూ లెక్కలలో రైతుగా నమోదై, మన నోటికి వచ్చింది; పేరు నుండి పుట్టిన 'గై'కి పేర్ల నుండి పుట్టిన ఆసామీ సరిజోడు.

పనిని బట్టి వచ్చే గై మీకు తేలిక. 'కేబుల్ గై', 'డెలివరీ గై' వంటివాటికి మనకు 'అబ్బాయి' ఉన్నాడు: కేబులబ్బాయి, పాలబ్బాయి, పేపరబ్బాయి. ఆ అబ్బాయికి యాభై ఏళ్ళుండవచ్చు గాని, అది మరో చర్చ. 'ఐ నో ఎ గై' అన్న వాక్యాన్ని మాత్రం 'నాకు ఒక వ్యక్తి తెలుసు' అని రాయవద్దు. పని జరిపించగలిగినవాడు, కొన్నిసార్లు దొడ్డిదారిన జరిపించగలిగినవాడు, తన ఎరుకలో ఉన్నాడని దాని భావం. తెలుగువాడు ఆ సందర్భంలో 'అక్కడ మన మనిషున్నాడు' అంటాడు. 'హీ ఈజ్ ద గై' అన్నప్పుడు ఆ పనికి తగినవాడు అతనే అని అర్థం. 'ఐయామ్ ఎ కాఫీ గై' అంటే 'నాకు కాఫీయే పడుతుంది' అంటే చాలు. 'నేను కాఫీ మనిషిని' అని రాస్తే ప్రేక్షకుడు నవ్వడానికి చోటు కాని చోట నవ్వుతాడు.

జంటమాటలలో ఎక్కువమంది జారిపడేది 'వైజ్ గై' దగ్గర. అది వివేకి కాదు. వెటకారంగా, అధికప్రసంగంగా మాట్లాడే అతితెలివి మనిషి. నేరసామ్రాజ్యాల కథలలో అయితే అదే మాటకు మాఫియా ముఠా సభ్యుడనే అర్థం ఉన్నది, కనుక కథ ఏ వీధిలో నడుస్తున్నదో చూసుకోవాలి. 'ఫాల్ గై' బలిపశువు, ఇతరుల నేరాన్ని నెత్తిన వేసుకొనేవాడు లేదా వేయబడినవాడు. 'లిటిల్ గై' రాజకీయ ఉపన్యాసంలో వస్తే సామాన్యుడు. అదే 'లిటిల్ గై' పసివాడి మీదనో, కుక్కపిల్ల మీదనో వస్తే బుజ్జిగాడు. 'బ్యాడ్ గైస్' పిల్లల ఆటలో దొంగలు, సినిమాలో ప్రతినాయకులు, పోలీసు నోట నేరస్థులు. 'నైస్ గై' మంచివాడే గాని, ఆ మంచితనంలో కాస్త చేతకానితనం కూడా ధ్వనించే సందర్భాలు ఉన్నాయి; మన 'పాపం, మంచివాడు' అన్న మాటలోని 'పాపం' వంటిది అది.

చివరిది నాకు చాలా ఇష్టమైనది. ఇంగ్లీషువారు వస్తువును కూడా గై అంటారు. వంట చూపించే మనిషి ఒక వెల్లుల్లి రెబ్బను పట్టుకొని 'ఈ గైని ఇలా దంచండి' అంటాడు. గణితాచార్యుడు సమీకరణంలోని ఒక పదాన్ని చూపి 'ఈ గైని అవతలికి పంపుదాం' అంటాడు. దీనికి అనువాదం ఎక్కడా వెదకనక్కరలేదు. మన లెక్కల మాస్టార్లు ఏ ప్రభావమూ లేకుండానే 'వీణ్ణి ఇటు తెస్తే మైనస్ అవుతాడు' అంటూ పాఠం చెబుతారు. నిర్భయంగా 'వీడు' అని రాయండి, ఇక్కడ ఎవరికీ తిట్టు తగలదు.

ప్రశ్న: హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ కార్యాలయంలో పనిచేస్తున్నాను. మా బృందంలో ఆడవాళ్ళమే ఎక్కువ. మా మేనేజరు ప్రతి సమావేశాన్నీ 'ఓకే గైస్' అని మొదలుపెడతారు. ఈ మధ్య అమెరికా శాఖ నుండి, ఈ మాట వాడకపోవడం మంచిదని సూచన వచ్చింది. ఇది నిజంగా స్త్రీలను కించపరచే మాటా? నేను నాకంటే పెద్దవారికి రాసే మెయిలులో వాడవచ్చునా?
— పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: మీ రెండో ప్రశ్నకు సూటిగా జవాబిస్తాను: వాడకండి. అది మాట్లాడే భాషలోని మాట, సమవయస్కుల మధ్య, పరిచయం కుదిరిన తరువాతి మాట. మీ ప్రొఫెసరుకో, ఖాతాదారుకో, పరిచయం లేని పై అధికారికో రాసే ఉత్తరంలో అది చనువు తీసుకున్నట్లు ఉంటుంది. ఒక్క మనిషికి రాసే ఉత్తరంలో 'గైస్' ఎలాగూ పొసగదు. సంతాపం తెలిపే సందర్భంలో పోయినవారిని 'గ్రేట్ గై' అనడం, సన్నిహిత మిత్రుడి విషయంలో తప్ప, మనవారు చేయకుండా ఉంటేనే మంచిది.

మొదటి ప్రశ్న అంత సులభం కాదు. అభ్యంతరం చెప్పేవారి వాదం ఇది: ఏకవచనంలో మగవాడిని మాత్రమే సూచించే మాట బహువచనంలో అందరిదీ అవుతున్నదంటే, మగవాడే మనిషికి కొలబద్ద అన్న పాత అలవాటు అందులో దాగి ఉన్నది, ఆడవారిని సూచించే ఏ మాటా ఇలా పెరిగి మగవారిని కలుపుకోలేదు. పదిమంది మగవాళ్ళ మధ్య ఒక్కతే కూర్చున్న స్త్రీకి 'గైస్' అన్న పిలుపు, తాను లెక్కలో ఉన్నదో లేదో తెలియని పిలుపుగా వినబడవచ్చు. సమర్థించేవారి వాదం, అర్థాన్ని వాడుక నిర్ణయిస్తుంది గాని పుట్టుక కాదనీ, ఆడపిల్లలే ఒకరినొకరు అలా పిలుచుకుంటున్నప్పుడు అందులో పురుషుడు మిగలలేదనీ. నాకు రెండో వాదం భాషాపరంగా బలమైనదని తోస్తుంది. కాని సమావేశ మందిరంలో కూర్చున్నవారి మనసు భాషాశాస్త్రం చదివి నొచ్చుకోదు. 'ఎవ్రీవన్', 'ఆల్', 'టీమ్' అన్న మాటలు చేతిలో ఉండగా, ఒక్కరికి ఇబ్బందిగా ఉన్నా మేనేజరు దానిని మానుకోవడానికి పెద్ద కష్టమేమీ లేదు. అలాగని ఎవరైనా అలవాటుగా 'గైస్' అంటే దానిని అవమానంగా పరిగణించి నివేదిక పంపడం కూడా అతి అవుతుంది.

తెలుగులో పిలుపులు ఇటూ అటూ రెండు వైపులా దాటుతాయి. కూతురిని 'నాన్నా' అని ముద్దు చేసే తల్లిదండ్రులున్నారు. మీ వయసు అమ్మాయిలు ఒకరినొకరు 'ఏంట్రా' అనుకోవడం మీకు తెలియనిది కాదు. వెనక్కి చూస్తే, కృష్ణా, గుంటూరు ప్రాంతాల పెద్దవారు కుర్రవాడిని కూడా 'ఏమ్మా, బాగున్నావా' అని పలకరిస్తారు, ఆ కుర్రవాడు నొచ్చుకోడు. ఇంగ్లీషులో 'గైస్'కు అటువంటి ఎదురుజోడు లేకపోవడమే ఆ వివాదానికి మూలమని నేను అనుకుంటాను.

ప్రశ్న: ఆందోళనలలో కొందరు సన్నని మీసం, గడ్డం, వెటకారపు నవ్వు ఉన్న తెల్లని ముసుగు వేసుకుంటారు. అది ఈ గై ముఖమేనా?
— విద్యార్థి, నెల్లూరు

జవాబు: అవును. 1980లలో వెలువడిన ఒక బ్రిటిష్ బొమ్మల కథలో, నియంతృత్వంపై తిరగబడే నాయకుడు ధరించడానికి చిత్రకారుడు డేవిడ్ లాయిడ్ గీసిన రూపం అది. ఆ కథ సినిమాగా 2006లో విడుదలైన తరువాత ముసుగు దుకాణాలకు చేరింది. 'అనానిమస్' అనే అంతర్జాల బృందం 2008 నుండి, వాల్ స్ట్రీట్ ఆందోళనకారులు 2011లో దానిని వాడడంతో లోకమంతా పాకింది. కాల్చడానికి పనికివచ్చిన ముఖం తిరుగుబాటుకు గుర్తుగా మారడం చరిత్రలో అరుదుగా జరిగే విషయం. అయితే, ఫాక్స్ కోరినది ప్రజాస్వామ్యం కాదు, కాథలిక్కు రాజ్యం. ముసుగు వేసుకున్నవారు ఆ సంగతి పట్టించుకోరు.

ప్రశ్న: ఫ్రెంచి కథకుడు మొపాసా పేరులో ఉన్న 'గై', ఈ గై ఒకటేనా? తెలుగు పుస్తకాలలో 'గై డి మొపాసా' అని ఉంటున్నది.
— పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: పేరు ఒకటే, ఉచ్చారణ వేరు. ఫ్రెంచివారు దానిని 'గీ' అంటారు. ప్రాచీన జర్మానిక్ భాషలలోని 'విడో' అనే పేరు ఫ్రాన్సులో 'గీ'గా, ఇటలీలో 'గ్విడో'గా మారింది. నార్మన్లతో ఇంగ్లండు చేరి, అక్కడ 'గై' అయింది. మన ఫాక్స్ కూడా స్పెయిన్ సైన్యంలో ఉన్న రోజులలో 'గ్విడో' అని సంతకం చేసేవాడు. కనుక కథకుడిని 'గీ ద మొపాసా' అనడమే సరి. పాత ముద్రణలలో 'గై' కనబడితే అది ఇంగ్లీషు మీదుగా వచ్చిందని అర్థం చేసుకోండి.

ప్రశ్న: విద్యుత్ శాఖలో పనిచేసినవాడిని. స్తంభం ఒరగకుండా వాలుగా లాగి కట్టే తీగను మేము 'స్టే వైరు' అంటాము. విదేశీ పుస్తకాలలో, సెల్ టవర్ల దగ్గర దానిని 'గై వైరు' అంటున్నారు. దీనికీ దిష్టిబొమ్మకూ సంబంధం ఉన్నదా?
— పాఠకుడు, కర్నూలు

జవాబు: లేదు. అది వేరే మాట. ప్రాచీన ఫ్రెంచిలో దారి చూపడం అనే అర్థమున్న పదం నుండి వచ్చి, మొదట ఓడలలో బరువులను అటూ ఇటూ ఊగకుండా నడిపించే మోకుకు పేరయింది. 'గైడ్' దానికి దగ్గరి చుట్టం. గుడారాల తాళ్ళకూ, ఎత్తైన స్తంభాల తీగలకూ ఆ పేరు తరువాత అంటింది. గై ఫాక్స్ పుట్టకముందే ఆ మాట ఇంగ్లీషులో ఉన్నది, కనుక మీ స్తంభానికి ఆయన బాధ్యుడు కాడు.